నూటికెంత

18 ఆగస్టు 2025, సోమవారం

పంద్రాగస్టున ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి బస్సులు మొదలయ్యాయి కదా, సెలవులన్నీ గడిచి ఇవాళే అసలైన పనిదినం. మద్దిలపాలెం జంక్షన్‌లో తెలుగుతల్లి విగ్రహం దగ్గర ఎటు చూసినా ఆడవాళ్ళే, చేతుల్లో ఆధార్ కార్డులే. సిటీ ఆర్డినరీ వచ్చిందంటే ఒకటే తోపులాట. షేర్ ఆటోవాళ్ళు ఖాళీ సీట్లతో నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ళను చూస్తే మనసు కష్టంగా అనిపించింది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆరిలోవ నుంచి వస్తుంది. ఇవాళ అరగంట ఆలస్యమైంది. షేర్ ఆటోకి రానూపోనూ 40 రూపాయలయ్యేది, ఇప్పుడు బస్సు కోసం ఆగుతోంది. కాఫీ తాగుతూ లెక్క వేశాను. నెలకు 26 రోజులకి మిగిలేది 1,040. రోజుకో గంట చొప్పున బస్టాపులో పోయేది 26 గంటలు. అంటే గంటకు 40 రూపాయలు. ఒక ఇంటి పనికి గంటకు దాదాపు వంద పడుతుంది ఆమెకి. కాగితం మీద చూస్తే ఆటోయే నయం.

అదే ఆమెతో అన్నాను. చీపురు పక్కన పెట్టి చెప్పింది: "ఆ వెయ్యీ నాదమ్మా. ఆటో డబ్బులు పొద్దున్నే మా ఆయన్నడగాలి. బస్సుకైతే ఎవుర్నీ అడగక్కర్లేదు." పైగా ఆ 26 గంటల్ని కొనేవాళ్ళెవరు? ముక్కలు ముక్కలుగా ఉన్న అరగంటలకి ఏ ఇంటివాళ్ళూ జీతమివ్వరు. ఆమె లెక్కలో నేను వేయని అంకెలు రెండున్నాయి.

సున్నాకి ఒక బలముంది, అది కాదనను. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో షాంపానియే, మజార్, ఏరియలీ అనే ముగ్గురు చాక్లెట్లు అమ్మి చూశారు. మంచి చాక్లెట్ 15 సెంట్లు, మామూలుది 1 సెంటు అన్నప్పుడు నూటికి 73 మంది మంచిదే కొన్నారు. రెండింటికీ ఒక్కో సెంటు తగ్గించారు: 14, సున్నా. తేడా అంతే ఉంది, అయినా నూటికి 69 మంది ఉచితంవైపు తిరిగారు. దీన్ని తెలివితక్కువతనమని రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆరిలోవ అమ్మాయిని చూశాక ఆ మాట నేను అనలేను. చాక్లెట్ దగ్గర సున్నా వట్టి ఆకర్షణ కావచ్చు. ఆమెకు మాత్రం పొద్దున్నే ఒకరి ముందు చెయ్యి చాపనక్కర్లేకపోవడం అది.

10 సెప్టెంబర్, బుధవారం

ఇవాళ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి పుట్టినరోజు. 1920లో పుట్టారు. విశాఖ ఏవీఎన్ కాలేజీలో చదువుకుని, ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని 1941లో అందులో చేరారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో పోయారు. ఆయన ఈ ఊళ్ళోనే చదివారని చెబితే కాలేజీలో నా క్లాసు పిల్లలు ఆశ్చర్యపోయారు. ఇది మనమే చెప్పాలి, ఏటా చెప్పాలి.

తరువాత వాళ్ళ ముందు రెండు గిన్నెలు పెట్టాను. చిన్న గిన్నెలో పది చింతగింజలు, అందులో ఒకటి ఎర్రరంగుది. పెద్ద గిన్నెలో వంద, అందులో తొమ్మిది ఎర్రవి. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి, ఎర్రది వస్తే పెన్ను బహుమతి. ఏ గిన్నె కావాలో ముందే చెప్పాలి. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు! నూటికి పది, నూటికి తొమ్మిది అని అడగ్గానే చెప్పేశారు. అలా చెబుతూనే కొందరు పెద్ద గిన్నె వైపు చెయ్యి పెట్టారు. "తెలుసు మేడం, కానీ అందులో తొమ్మిదున్నాయి కదా" అంది ఒకమ్మాయి. 1994లో డెనెస్-రాజ్, ఎప్‌స్టీన్ చేసిన ప్రయోగమిది. వాళ్ళు వాడినవి చింతగింజలు కావు, జెల్లీ మిఠాయిలు. వాళ్ళకి దొరికిన జవాబు కూడా ఇదే: తెలుసు, అయినా అలా అనిపిస్తోంది.

ఎలెన్ పీటర్స్ బృందం 2006లో దీన్ని మరోమెట్టు ముందుకు తీసుకెళ్ళింది. అంకెల్లో పట్టు తక్కువున్నవాళ్ళే పెద్ద గిన్నెకు ఎక్కువగా లొంగారట. ఇది అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి ఉంది. 36లో 7 వంతుల అవకాశంతో 9 డాలర్లు గెలిచే పందెం ఒకటి చూపించి, ఎంత బాగుందో మార్కులు వేయమన్నారు. వేరే గుంపుకి అదే పందేన్ని చూపించి, గెలవకపోతే 5 సెంట్లు పోతాయన్నారు. రెండోది కచ్చితంగా నాసిరకం పందెం. మార్కులు మాత్రం దానికే ఎక్కువ పడ్డాయి. వేసినవాళ్ళలో ముందున్నది లెక్కలు బాగా వచ్చినవాళ్ళు! పక్కన అయిదు సెంట్లు కనబడేసరికి, తొమ్మిది డాలర్లు ఎంత పెద్దవో వాళ్ళ మనసుకి ఒక్కసారి పట్టింది. లెక్క వచ్చినవాళ్ళకి మనసు పని చేయదనుకుంటాం. అంకె నుంచి అనుభూతిని పిండుకోవడం వాళ్ళకే ఎక్కువగా వచ్చు.

పిల్లలతో ఇంతసేపు పాఠంలో గడిపి చాలా రోజులైంది. గంట కొట్టినా కదల్లేదు.

24 సెప్టెంబర్, బుధవారం

మొన్న సోమవారం నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. దసరా ముందు కావడంతో షాపుల ముందు బ్యానర్లే బ్యానర్లు. పక్కింటి పిన్నిగారి అబ్బాయి పెద్ద టీవీ కొందామని తిరుగుతున్నాడు. "28 నుంచి 18కి వచ్చింది కదక్కా, ధర పది శాతం తగ్గాలి. షాపువాడు తక్కువ తగ్గిస్తున్నాడు, మోసం" అని కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

కాగితం తీసుకుని చూపించాను. వస్తువు అసలు ధర వంద అనుకుంటే మొన్నటిదాకా కట్టింది 128, ఇవాళ 118. పది రూపాయలు తగ్గింది 128 మీద. నూటికి ఎనిమిది రూపాయలు కూడా లేదు, 7.8. యాభై వేల టీవీ మీద అయిదు వేలు రావు, 3,900 వస్తాయి. షాపువాడు ఇస్తానన్నదీ అదే. కుర్రాడి కోపం దిగిపోయింది. దానితోపాటు టీవీ మీద మోజు కూడా కొంత దిగింది, అది మంచికే.

పాత టీవీకి ఏమైందని అడిగాను. బానే ఉందట.

5 అక్టోబర్, ఆదివారం

పెదజాలారిపేట నుంచి చేపలు తెచ్చే అప్ప ఇవాళ ఆలస్యంగా వచ్చింది. తట్టలో నెత్తళ్ళు, కొంచెం వంజరం. హార్బర్‌లో పాట ఎక్కువ పోయిందట. ముగ్గురు కలిసి ఒక లాటు పాడుకున్నారు. ఐసు, ఆటో, తూకంలో తరుగు, ముగ్గురి వాటాలు, పాడైపోయే సరుకుకి సాయంత్రం ఎంతకి దిగొచ్చో, అన్నీ గుమ్మంలో కూర్చుని నోటితోనే తేల్చేసింది. మధ్యలో ఎదురింటావిడతో బేరం కూడా ఆడింది. ఆ వేగం నాకు రాదు.

అంతా అయ్యాక తట్ట ఎత్తుకోబోతూ, "అమ్మా, నాకు లెక్కలు రావు గానీ, ఒకటి సూసి సెప్పు" అంది. ఈ మాట ఎంతమంది ఆడవాళ్ళ నోట విన్నానో. ఇందాక వేసిందంతా ఏమిటి మరి?

భర్త పడవ ఇంజను బాగుచేయించడానికి రోజువారీ ఫైనాన్సులో అప్పు తీసుకుందట. పదివేలని రాసి, తొమ్మిది వేలు చేతికిచ్చారు. రోజుకు వంద, వంద రోజులు. "నూటికి పదే కదా, అదీ మూణ్ణెల్లకి. అంటే మూడు రూపాయల వడ్డీ. మావోళ్ళు అయిదుకీ తెస్తారు. ఇది సవకే కదమ్మా?" అని అడిగింది.

చవక కాదు. మొదటిరోజు ఆమె దగ్గరున్న అప్పు తొమ్మిది వేలు. రోజూ వంద తీరుస్తుంటే యాభయ్యో రోజుకి మిగిలింది నాలుగు వేల ఏడు వందల చిల్లర. తొంభయ్యో రోజుకి వెయ్యి. వంద రోజుల మీద సగటున ఆమె వాడుకున్నది 4,700 రూపాయలు. దానికి వడ్డీ వెయ్యి. లెక్క తేలిస్తే నూటికి నెలకు ఆరు రూపాయల నలభై పైసలు, ఏడాదికి 77 శాతం పైన. నెలసరి వాయిదాల అప్పుల్లో 'ఫ్లాట్ వడ్డీ' అనేది కూడా ఇదే దారి. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే, తగ్గుతున్న అసలు మీద చూసుకుంటే 21 దాటుతుంది. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ రావడానికి ముందు మన పల్లెల్లో ఎంతమంది ఈ దారిలో నడిచారో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. గత ఏడాది అక్టోబర్ నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అసలు వార్షిక రేటుని ఒక కాగితం మీద విడిగా రాసివ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. తట్ట దగ్గరికొచ్చే మనిషికి ఆ నియమం ఎక్కడిది?

ఆమెకి 77 శాతం అని చెప్పలేదు. చెప్పినా అది గాలిలో పోయేది. 'నూటికి ఆరు రూపాయల నలభై పైసలు' అన్నాను. తట్ట కిందికి దించేసింది. "ఆరున్నరా! అయిదుకి తెచ్చినోళ్ళని నేనే తిట్నాను" అంది. 2004లో పావలా వడ్డీ అన్నప్పుడు డ్వాక్రా సంఘాల్లో ఒక్కరూ అర్థమేమిటని అడగలేదు. ఏడాదికి 3 శాతం అని ఉంటే అడిగేవాళ్ళు. వందకి నెలకెంత అనేది మనవాళ్ళ నాడిలో ఉన్న కొలత. అంకెను ఆ కొలతలోకి మార్చితేనే కోపమో భయమో సంతోషమో సరైన చోట పుడుతుంది. అప్పు ఇచ్చేవాడికి ఈ సంగతి బాగా తెలుసు, అందుకే తన అంకెను 'రోజుకో వంద'గా మార్చి చెబుతాడు. రోజుకో వంద అంటే ఆమెకి ఒక వాటా నెత్తళ్ళు. ఎవరికి బరువనిపిస్తుంది?

బెనర్జీ, డఫ్లో, స్పెల్కీ వాళ్ళ బృందం ఈ ఏడాదే నేచర్ పత్రికలో రాసింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలు సరుకు ధరలు నోటితో కూడి చిల్లర ఇచ్చేస్తారు. అదే లెక్క బడిపుస్తకంలోలా అడిగితే తడబడతారు. బళ్ళో చదివే పిల్లలది సరిగ్గా తిరగేసిన పరిస్థితి. రెండు లెక్కల మధ్యా వంతెన కట్టడం మా మాస్టర్ల పని. మేం కట్టలేదు గనకే ఇంత నేర్పున్న మనిషి 'లెక్కలు రావు' అని మొదలుపెడుతోంది.

వీధి వ్యాపారులకి పీఎం స్వనిధి అనే బ్యాంకు అప్పు ఉందని చెప్పాను. మొదటి విడత పదివేలు ఉండేది, మొన్న ఆగస్టు చివర్లో 15 వేలకి పెంచారు. "బేంకా? ఫారం ఇచ్చి సదవమంటారు. అందరి ముందూ... వొద్దమ్మా" అని తట్ట ఎత్తుకుంది.

16 అక్టోబర్, గురువారం

మొన్న మంగళవారం గూగుల్ ప్రకటన వచ్చింది. విశాఖలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, రూపాయల్లో లక్షా ముప్పై వేల కోట్ల పైమాటే. ఊరంతా అదే ముచ్చట. నాకూ సంతోషంగా ఉంది, మా పిల్లలకి పనులొస్తే అంతకన్నా ఏం కావాలి. ఇవాళ సాయంత్రం బావగారు అక్కని తీసుకుని వచ్చారు, చేతిలో బ్రోచర్ ఉంది. ఆనందపురం వైపు 200 గజాల ప్లాటు, గజం 22 వేలు. మొత్తం 44 లక్షలు. కిందటి నెలాఖరున రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బంతా దాదాపు అదే.

బావగారు అంకెల మనిషి. 1990లో స్టీల్ ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఏడాది ఉద్యోగంలో చేరారు. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. కరిగిన ఇనుము రంగు చూసి వేడి ఎన్ని డిగ్రీలుందో చెప్పేవారట. తరువాత మీటరు చూస్తే అటూ ఇటూగా అంతే ఉండేదట. అలాంటి మనిషి కవరు వెనకాల చక్రవడ్డీ లెక్క వేసుకొచ్చారు: గజం ఏడాది కింద 16 వేలు, ఇప్పుడు 22 వేలు, ఏటా 37 శాతం, మూడేళ్ళలో రెండున్నర రెట్లు. గుణకారంలో తప్పు లేదు. ఆ 37 శాతం మరో మూడేళ్ళు అలాగే సాగుతుందని ఎవరు చెప్పారు? బ్రోచర్ తెచ్చిన కుర్రాడు. బావగారి మేనల్లుడే.

డాన్ కహాన్, పీటర్స్, స్లోవిక్ వాళ్ళ ప్రయోగం గుర్తొచ్చింది. ఒకే అంకెల పట్టికను కొందరికి చర్మం మందు ఫలితమని, కొందరికి తుపాకుల నియంత్రణ ఫలితమని ఇచ్చారు. మందు విషయంలో, లెక్కలు బాగా వచ్చినవాళ్ళు చక్కగా చదివారు. తుపాకుల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళే తమ రాజకీయాలకు అనుకూలంగా ఉన్నప్పుడు సరిగ్గా చదివారు, వ్యతిరేకంగా ఉంటే తడబడ్డారు. లెక్కలు రానివాళ్ళకన్నా వాళ్ళలోనే చీలిక ఎక్కువ. మనసు ముందే ఒకవైపు ఒరిగితే నేర్పు దానికి ఊడిగం చేస్తుంది.

మాట అనలేదు. ఆయన కవరే తీసుకుని దాని మీదే ఇంకో రెండు వరుసలు రాశాను. 44 లక్షలు ఏడు శాతానికి వేస్తే నెలకు పాతికవేల ఏడు వందలు వస్తాయి, ప్లాటు నెలకు ఏమీ ఇవ్వదు. అయిదేళ్ళ తరువాత, రిజిస్ట్రేషన్ ఖర్చు కలపకుండానే, గజం 31 వేలకి అమ్ముడుపోతే అప్పటికి సరికి సరి. ముప్పై లక్షలు సీనియర్ సిటిజన్స్ పథకంలో పెడితే 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500.

బావగారు ఆ 61,500 దగ్గరే ఆగిపోయారు. "మూడు నెలలకా?" అన్నారు. అవునన్నాను. అక్క మొదటిసారి నోరు విప్పింది: "మందులకి పోగా మిగుల్తుంది." ఇంతవరకూ 44 లక్షల మీద మాట్లాడుతున్నది వాళ్ళిద్దరూ కాదు, ఆ మేనల్లుడు. నెలసరి ఖర్చులోకి తెచ్చేసరికి అక్కకి మాట వచ్చింది.

మన జిల్లాల్లో అగ్రిగోల్డ్‌లో చిన్న చిన్న మొత్తాలు దాచుకుని ఇరుక్కుపోయిన కుటుంబాలెన్నో. పదివేల లోపు డిపాజిట్లకి ప్రభుత్వం సొమ్ము చెల్లించడానికి 2019 నవంబర్ దాకా పట్టింది. ఏజెంట్లు ఎక్కువగా ఊరివాళ్ళే, చుట్టాలే. చుట్టం తెచ్చిన కాగితాన్ని అడిగి పరీక్షించడమంటే అతన్ని అనుమానించినట్టేనని మనకో మొహమాటం. ఆ మొహమాటానికి పడిన ఖరీదు ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ ఉండదు.

18 అక్టోబర్, శనివారం

ధనత్రయోదశి. 24 క్యారట్ల బంగారం పది గ్రాములు లక్షా ముప్పై వేలు దాటింది. అయినా నగల షాపుల్లో నిలబడడానికి చోటు లేదు. పెరుగుతోందని కొనేవాళ్ళే అంతా. అప్పట్లో ధర పడిపోయినప్పుడు ఇంకా పడుతుందేమోనని ఆగినవాళ్ళు కూడా వీళ్ళే అయ్యుంటారు. నేను కొనలేదు. మా అమ్మ గాజులు తీసి చూసుకుని మళ్ళీ బీరువాలో పెట్టాను. వాటికి ఇవాళ్టి ధర కట్టబుద్ధి కాలేదు.

27 అక్టోబర్, సోమవారం

మొంథా తుఫాను. రేపు రాత్రికి కాకినాడ చుట్టుపక్కల తీరం దాటుతుందంటున్నారు. గంటకు 90–100 కిలోమీటర్ల గాలి, ఒక్కోసారి 110. కాలేజీకి సెలవిచ్చారు.

మద్దిలపాలెంలో పాల ప్యాకెట్లు పొద్దున్నే అయిపోయాయి. కొవ్వొత్తులు లేవు. ఇక్కడ తుఫాను అంటే హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు యూనివర్సిటీలో పడిన చెట్లు, రోజుల తరబడి లేని కరెంటు, పాల ప్యాకెట్ కోసం గొడవలు, ఈ వీధిలో ఎవరూ మరచిపోలేదు. పిన్నిగారు టెర్రస్ మీది ట్యాంకు, బిందెలు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా నీళ్ళతో నింపేశారు. చేతులు వణుకుతున్నాయి. ఆవిడ పక్కన కూర్చున్నాను.

హుద్‌హుద్ నాడు గాలి 180 దాకా పోయింది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 100 దగ్గర ఉన్న ఒత్తిడికి 180 దగ్గర మూడింతలు పైనే. అంటే ఇది ఆ తుఫానులో మూడోవంతు లోపు. ఇలా చెప్పగానే పిన్నిగారి ముఖం తేటపడింది. కిటికీ అద్దాలు పోవన్నమాట అని ఆవిడే తేల్చుకున్నారు.

మేడ మీది కుర్రాడికి మాత్రం ఈ మూడోవంతు చెప్పకపోతేనే బాగుండేది. "హుద్‌హుద్‌నే చూశాం, ఇదెంత" అని బైకు తీసి బీచ్‌కి బయల్దేరాడు. అతనికి వేరే అంకె కావాలి. నూరు కిలోమీటర్ల గాలికి విరగడానికి ఎండు కొమ్మ చాలు, సముద్రపు అల మనిషిని లాగడానికి గాలి కూడా అక్కర్లేదు. వాళ్ళమ్మ తాళంచెవి లాక్కుంది. వాదనకన్నా అదే వేగంగా పనిచేసింది.

ట్యాంకు నింపడం పిన్నిగారి భయం చేయించిన పని. భయం లేకపోతే ఎవరు నింపుతారు? తుఫాను రాకపోతే పోయేది ఏమీ లేదు, వస్తే నాలుగు రోజులు బతుకు గడుస్తుంది. డమాసియో పుస్తకంలో మెదడు దెబ్బతిని భావోద్వేగం మొద్దుబారిన ఒక రోగి గురించి చదివాను. వచ్చే అపాయింట్‌మెంట్‌కి రెండు తేదీల్లో ఏది అని అడిగితే అరగంటపాటు లాభనష్టాలు చెబుతూనే ఉన్నాడట, ఎంచుకోలేకపోయాడు. తెలివితేటలన్నీ చెక్కుచెదరలేదు, ఏదో ఒకవైపు తోసే మనసు లేదు. పిన్నిగారి వణుకుని అదుపు చేయాలి తప్ప తీసిపారేయకూడదు.

2 నవంబర్, ఆదివారం

తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన దంచింది, గాలి అనుకున్నంతే. చేపల అప్ప ఇవాళ ఖాళీ చేతుల్తో వచ్చింది. పడవలు రోజుల తరబడి ఒడ్డునే ఉన్నాయి. రోజుకో వంద మాత్రం ఆగలేదు. సరుకు లేని రోజులకి పక్కింట్లో బదులు తెచ్చి కట్టిందట.

"అమ్మా, ఆ బేంకు కాయితం నువ్వు కూడా వొస్తే..." అని ఆగిపోయింది. వస్తానన్నాను.

గణితమంటే బెదిరేవాళ్ళ మీద లయన్స్, బైలాక్ 2012లో చేసిన అధ్యయనం ఒకటుంది. లెక్క చేయబోతున్నామని తెలిసిన క్షణంలో వాళ్ళ మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు చురుకవుతున్నాయట. లెక్క చేస్తున్నప్పుడు ఆ నొప్పి కనబడలేదు. ఫారం చేతికి రాకముందే ఆమె గుండె దడ అది. తల్లి కడుపులోంచి వచ్చిన దడ కాదు. చిన్నప్పుడు బళ్ళో ఎవరో కొట్టారు, ఏదో కౌంటర్ దగ్గర ఎవరో గదిమారు.

పీటర్స్ బృందమే 2019లో ఇంకో సంగతి చెప్పింది. లెక్కల నేర్పుండీ ధైర్యం లేనివాళ్ళు, ఆ నేర్పు వల్ల రావలసిన లాభాన్ని డబ్బు విషయంలోనూ, లూపస్ జబ్బుతో ఉన్నవాళ్ళయితే ఆరోగ్యం విషయంలోనూ పోగొట్టుకుంటున్నారు. నేర్పు లేకుండా ధైర్యం మాత్రమే ఉన్నవాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. నేర్పు, ధైర్యం రెండూ కలిసినవాళ్ళే గట్టెక్కుతున్నారు. ఈ అప్పకి నేర్పు పుష్కలంగా ఉంది. ఆడపిల్లలకి 'నీకు లెక్కలు రావు' అనే మాట ఇంట్లో గానీ బళ్ళో గానీ వినబడకూడదని నాకెంతో ఉంటుంది.

జీవీఎంసీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉందా అని అడిగాను. ఉందట, దేవుడి పటం వెనకాల దాచింది. పాస్‌బుక్, ఆధార్‌తో కలిపి రేపు తెమ్మన్నాను. ముందుగా ఫారమంతా ఇక్కడే, ఈ గుమ్మంలోనే, నింపుదాం. బ్యాంకులో చదవాల్సిన పనే ఉండదు. ఒక్క ప్రశ్న మాత్రం తనే అడగాలని చెప్పాను: నూటికి నెలకెంత పడుతుంది? రెండుసార్లు అనిపించాను. మూడోసారి గట్టిగా అంది.

9 నవంబర్, ఆదివారం

స్వనిధి దరఖాస్తు వెళ్ళింది. కౌంటర్ దగ్గర అప్ప ఆ ప్రశ్న అడిగింది. అక్కడి కుర్రాడు శాతాల్లో చెబితే, "అలగ్గాదు బాబూ, నూటికి నెలకి" అంది. అతను కాల్క్యులేటర్ తీశాడు. వడ్డీ రాయితీ సంగతి కూడా అతనే వివరంగా చెప్పాడు, ఓపికగా. డబ్బు రావడానికి టైము పడుతుంది. ఈలోగా పాత అప్పు తీరేదాకా రోజుకో వంద తప్పదు.

బావగారు ముప్పై లక్షలు పోస్టాఫీసులో వేశారు. నాకు నిశ్చింతగా ఉంది. మిగిలిన పద్నాలుగులో ఆరు లక్షలు బ్యాంకులో ఉంచి, ఎనిమిదితో ఎక్కడైనా చిన్న ముక్క కొంటానన్నారు. ఎందుకని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం దగ్గర రెండెకరాలు అమ్మి ఈయన్ని చదివించారు. నాన్నగారు పోయేలోగా కొని చూపించాలనుకున్నారు, కుదరలేదు. "లాభం కోసం కాదమ్మా. నా పేర ఒక హద్దురాయి ఉండాలి" అన్నారు.

దీనికి వడ్డీ కట్టి చూపించడం అన్యాయం. కవరు తీయలేదు. ఆ కోరికకి ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో, నెలసరి ఖర్చుకి ఇబ్బంది రాకుండా, ఆయనే తేల్చుకున్నారు: ఎనిమిది. ఒక్క రూపాయి పెరిగినా వెనక్కి వచ్చేస్తానని అక్కకి మాటిచ్చారు. ఆనందపురం మాట వదిలేశారు. ఆ ధరకి పద్మనాభం దాటి లోపలికి పోవాలి.

మేనల్లుడు చూపించే ప్లాటయినా సరే, ముప్పై ఏళ్ళ ఈసీ తీయించమన్నాను. లింకు డాక్యుమెంట్లు, వీఎంఆర్‌డీఏ అనుమతి నంబరు, పక్క సర్వే నంబర్లో చెరువు గర్భం ఏమైనా ఉందా, ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను. మేనల్లుణ్ణి అడగడానికి ఆయనకి ఇంకా మొహమాటంగానే ఉంది. ఆ కాగితం నా పేరు చెప్పి ఇవ్వమన్నాను. గురువారం మధ్యాహ్నం నాకు క్లాసులు లేవు, రిజిస్ట్రారాఫీసుకి తోడు వెళ్తాను.